ఎగ్జాస్ట్ మానిఫోల్డ్: ప్యాకింగ్ ఒక్కటే మారిస్తే చాలా, ఫేసింగ్ కూడా చేయించాలా?

బెజవాడ_బండి
పాత ఆల్టో, మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. పొద్దున స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్ మని చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది, కాసేపు నడిపితే తగ్గిపోతుంది. ఒక మెకానిక్ టాపెట్ (వాల్వును తెరిచే భాగం) చప్పుడు అన్నాడు. ఇంకొకాయన మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను సైలెన్సర్ పైపులోకి పంపే పోత ఇనుప గొట్టం) అంచున మసి చూపించి, ప్యాకింగ్ (సందు మూసే గాస్కెట్) పోయింది, విప్పాక ఫేసింగ్ (ముఖం అరగదీసి చదును చేయడం) కూడా చేయించాల్సిందే అంటున్నాడు. అది నిజంగా అవసరమా, లేక బిల్లు పెంచడానికా?

పానా_పట్టినోడు
మసి కళ్ల ముందు కనిపిస్తుంటే ఇంకా టాపెట్ ఏంటండీ! టాపెట్ చప్పుడు సాధారణంగా బండి వేడెక్కినంత మాత్రాన ఇలా మాయం కాదు, లోడ్ పడినా పెద్దగా మారదు. లీక్ అలా కాదు. చల్లగా ఉన్నప్పుడు సందు ఉంటుంది, ఇనుము వేడికి సాగాక మూసుకుంటుంది. నమ్మకం కుదరకపోతే బారెడు రబ్బరు పైపు తీసుకుని ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో పోర్టు (సిలిండర్ పొగ బయటికొచ్చే రంధ్రం) దగ్గర పెట్టి వినండి. ఫ్యాను, బెల్టు జాగ్రత్త.

ఫేసింగ్ మాత్రం దండగ. కొత్త ప్యాకింగ్, కొత్త నట్లు వేస్తే సరిపోతుంది. ఏళ్ల తరబడి కాలి చల్లారిన పోత ఇనుము ఇక కదలదు. దాన్ని అరగదీస్తే ఫ్లాంజ్ (బిగించే అంచు) పలచబడి రేపు మళ్లీ వంగుతుంది.

లేత్_పని
దండగో కాదో చెప్పాల్సింది మీరూ నేనూ కాదు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి బ్లేడుల సెట్టు). మానిఫోల్డ్ ముఖం శుభ్రం చేసి స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు పట్టీ) ఆనించండి. 0.1 మి.మీ. బ్లేడు కింద దూరిందంటే ముఖం వంగినట్టే. చాలా మాన్యువల్స్ ఇచ్చే హద్దు దాని చుట్టుపక్కలే. అల్యూమినియం హెడ్ (మానిఫోల్డ్ బిగించే ఇంజిన్ పై భాగం) వేడికి పోత ఇనుముకంటే సుమారు రెండింతలు సాగుతుంది. ఈ లాగుడంతా పడేది కొసల్లో మానిఫోల్డ్‌ను హెడ్‌కి పట్టి ఉంచే స్టడ్‌ల మీద. అవే ముందు విరుగుతాయి, లీక్ కూడా ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. వంగిన ముఖం మీద కొత్త ప్యాకింగ్ వేస్తే కొన్నాళ్లు నోరు మూసుకుంటుంది, అంతే. ప్యాకింగ్ ఖరీదెంత? అసలు ఖర్చంతా విప్పి బిగించే కూలీదే. అది రెండుసార్లు ఇచ్చుకోవడం ఎందుకు?

కాకినాడ_కాజా
అసలు విప్పకుండా ఎర్ర సిలికాన్ పూసేస్తే పోదా?

పానా_పట్టినోడు
తమ్ముడూ, ఆ సిలికాన్ తట్టుకునేది 300 డిగ్రీల చుట్టుపక్కల. ఎగ్జాస్ట్ పోర్టు దగ్గర లోడ్ మీద 600 దాటడం మామూలే. కాలి రాలిపోతుంది. ఈ ఒక్క విషయంలో లేత్ గారితో నాకు గొడవ లేదు.

హైవే_మీద
మీరిద్దరూ ముఖం దగ్గరే ఆగిపోయారు. అసలు ఎందుకు వంగింది? కింద సైలెన్సర్ పైపును పట్టుకునే బ్రాకెట్ ఊడిపోతే ఆ బరువంతా మానిఫోల్డ్‌కే వేలాడుతుంది. ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని మోసే రబ్బరు దిమ్మ) చచ్చిపోయినా అంతే, గేరు మార్చిన ప్రతిసారీ కుదుపు. అవి చూడకుండా ఫేసింగ్ చేయించినా లాభం లేదు.

పైగా ఇది ఒట్టి చప్పుడు సమస్య కాదు. అదే సందులోంచి బయటి గాలి లోపలికి కూడా పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. బానెట్ కింద పోగైన పొగ ఏసీ దారిలో క్యాబిన్‌లోకి వస్తే అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు. అందాకా అద్దాలు దించి నడపండి.

కాకినాడ_కాజా
ఒక్కో ప్లగ్ వైరు పీకి చూస్తే ఏ సిలిండరో తెలుస్తుందని మా షెడ్డులో అంటారు. చప్పుడు తగ్గిన చోటే లీకట.

లేత్_పని
కార్బురేటర్ రోజుల్లో చెల్లింది. ఇప్పుడు అలా చేస్తే కాలని పెట్రోల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. ఆ సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కనెక్టర్ తీయించండి, పెట్రోల్ పడటమే ఆగుతుంది.

బెజవాడ_బండి
అందరికీ థాంక్స్. ఆటోనగర్‌లో విప్పించాను. చివరి పోర్టు దగ్గర 0.2 బ్లేడు దూరింది. బ్రాకెట్ బోల్టు అసలు లేనే లేదు! ఆ కొస స్టడ్ ఒకటి విరిగి హెడ్‌లోనే ఉండిపోయింది. హెడ్ ముఖం కూడా గ్రైండర్‌తో రుద్దేస్తానంటున్నాడు.

పానా_పట్టినోడు
0.2 అయితే సరే, ఫేసింగ్ చేయించుకోండి. అన్ని కార్లకీ చేయించాలనడం మాత్రం నేను ఒప్పుకోను. హెడ్ మీద గ్రైండర్ పెట్టనివ్వకండి, మెత్తటి అల్యూమినియం, గుంటలు పడతాయి. ప్లాస్టిక్ స్క్రేపర్ చాలు. పోర్టుల్లో గుడ్డ కుక్కి గీకమనండి.

లేత్_పని
విరిగిన స్టడ్‌కి తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయమనండి. హడావుడిగా డ్రిల్ పెడితే రంధ్రం పక్కకు పోతుంది, అప్పుడు హెడ్ దింపాలి. స్టడ్‌లు అన్నీ కొత్తవే వేయించండి, ఆ ఒక్కటే కాదు. బిగించేటప్పుడు మధ్య నుంచి కొసలకు, రెండు మూడు విడతల్లో, బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో. రెంచ్ లేదన్నాడంటే బండి అక్కడ బిగించకండి.