ఖాళీ గదిని సైకిళ్ల గదిగా మార్చాలి: విజయనగరంలో పాత ఇల్లు, నాలుగు సైకిళ్లు, మీ అనుభవాలు చెప్పండి

తోటపాలెం_ఇల్లు:
నమస్కారం అండీ. మాది విజయనగరం తోటపాలెంలో తాతల నాటి ఇల్లు. వెనక సందులోకి తలుపున్న చిన్న గది ఒకటుంది. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. ఒకప్పుడు ధాన్యం బస్తాలు వేసేవారు. పొలం కౌలుకిచ్చాక పాత మంచాలు, అట్టపెట్టెలు చేరాయి. దాన్ని ఖాళీ చేసి సైకిళ్లకి ఇవ్వాలని ఇంట్లో అందరం అనుకున్నాం.

నాన్నగారిది 28 అంగుళాల పాత నల్ల సైకిల్. రోజూ పొద్దున్నే దాని మీదే రైతుబజారుకి వెళ్తారు. నాది గేర్ల సైకిల్. మా ఆవిడది ముందు బుట్ట ఉన్నది. పాపది చిన్నది. ఇప్పుడన్నీ వరండాలో ఉంటున్నాయి, జల్లు కొడితే తడిసిపోతాయి. చైన్లు తుప్పు పడుతున్నాయి.

ఎర్ర ఇటుక గోడలు, సున్నంతో కట్టినవి. పైన టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్ అనే పాతకాలం ఇటుక, సున్నం కప్పు. నేల రెడ్ ఆక్సైడ్. తలుపు రెండున్నర అడుగులే, కింద ఎత్తైన గడప. పడమటి గోడ అడుగున రంగు పొరలు పొరలుగా రాలుతోంది. నాలుగు సైకిళ్లూ గోడకి వేలాడదీసేద్దాం అంటున్నాడు కార్పెంటర్. ఇంకో విషయం, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలొస్తే ఆ గదిలోనే పడుకుంటారు. అందుకని గది పూర్తిగా పోగొట్టుకోలేం. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

నాగావళి_గట్టు:
ముందు చెమ్మ సంగతి తేల్చండి. కొక్కేలు, రాక్‌లు అన్నీ తర్వాత. చెమ్మ గదిలో పెట్టిన సైకిల్ కన్నా వరండాలో జల్లుకి తడిసి గాలికి ఆరిన సైకిలే నయం, ఇది ఖాయంగా చెప్తున్నాను.

మాది శ్రీకాకుళం గుజరాతీపేటలో నది దగ్గరి ఇల్లు. మాకూ ఇలాగే అడుగున రంగు ఊడి, తెల్లగా ఉప్పు తేలేది. మేస్త్రీ వచ్చి మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పైన వాటర్‌ప్రూఫ్ రంగు కొట్టాడు. తర్వాతి వానాకాలానికి అదే చెమ్మ సిమెంటు దాటి నాలుగున్నర అడుగుల దగ్గర బయటపడింది. సున్నం గోడ లోపలి తేమని గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు మూత వేస్తే తేమ బయటికి రాలేక గోడలోనే పైకి ఎక్కుతుంది. చివరికి అదంతా చెక్కించి మళ్లీ సున్నంతోనే పూయించాం. దానికన్నా మేలు చేసింది ఇంకోటి: గోడ బయట పునాదిని ఆనుకుని పోసిన మట్టి తవ్వి తీయించాం, పెరటి కాలవ గోడకి దూరంగా మళ్లించాం.

మీరు ఒక చిన్న పరీక్ష చేయండి. రెండడుగుల ప్లాస్టిక్ షీట్ తీసుకుని గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు మూడు రోజులు వదిలేయండి. షీట్ వెనక, అంటే గోడ వైపు నీటి బొట్లుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. ముందు వైపు తడి ఉంటే గది గాలిలోనే తేమ ఎక్కువ. మొదటిదైతే మేస్త్రీ పని, రెండోదైతే కిటికీ పని.

రిటైర్డ్_సివిల్:
గోడ గురించి నేను చెప్తాను బాబూ. కొత్త ఇళ్లలో చెల్లే పద్ధతి మీ గోడకి చెల్లదు.

డ్రిల్లు వేసినప్పుడు రాలే పొడి చూడండి. మొదట వచ్చేది ప్లాస్టరింగ్ పొడి, దాన్ని వదిలేయండి. ఆ తర్వాత ఎర్రగా వస్తే ఇటుక. బూడిద రంగైతే ఫ్లైయాష్ ఇటుక గానీ సిమెంటు దిమ్మ గానీ. తెల్లగా పిండిలా వస్తూ బిట్ అలవోకగా దూరిపోతే తేలిక బ్లాకు, దానికి వేరే రకం ఫాస్టెనర్ కావాలి. బోలు సిమెంటు దిమ్మకి మామూలు యాంకర్ బోల్టు పనికిరాదు, లోపల పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మీ గోడలో ఇటుక గట్టిదే, అతుకులే మెత్తన. సున్నం అతుకులో బోల్టు పడితే నాలుగు రోజులు నిలిచి ఊడి వస్తుంది. కన్నం ఇటుక నడుమన పడాలి. కొన్నిచోట్ల ప్లాస్టరింగ్ మీదే అంగుళం మందం ఉంటుంది, బోల్టు అది దాటి ఇటుకలోకి దిగాలి. వేలాడే సైకిల్ బరువు ఎక్కువగా కిందికే లాగుతుంది, దానికి భయం లేదు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు మనం బయటికి లాగుతామే, అదే బోల్టుని పీకేది. అందుకని ఒక్కో కొక్కేన్ని విడిగా గోడకి కొట్టకండి. ఒక ఇనప ఛానెల్ గోడకి అడ్డంగా పెట్టి, ఐదారు చోట్ల బోల్టులు దించి, కొక్కేలు ఆ ఛానెల్‌కి బిగించండి. చెక్క పెట్టిస్తానంటే చెమ్మ గోడకి వద్దనండి, చెదలు పడతాయి.

పైకప్పు జోలికి అసలు వెళ్లకండి. మద్రాస్ టెర్రస్‌లో దూలాల మధ్య ఉండేది ఇటుక, సున్నమే. డ్రిల్లు అదురుకి ఇటుకలు కదిలితే వానకి ఇల్లు కురుస్తుంది.

బొబ్బిలి_అప్ప:
గోడలు, బోల్టులు సరే. ఆ పెద్దాయన సైకిల్ ఎవరు ఎత్తుతారు?

పాత నల్ల సైకిల్ ఇరవై కిలోల దాకా ఉంటుంది. దాన్ని గోడకి తగిలిస్తే మీ నాన్నగారు పొద్దున్నే మిమ్మల్ని నిద్రలేపాలి, లేదంటే నడిచి వెళ్లాలి. నాలుగు రోజులకి ఆ సైకిల్ తీయడమే మానేస్తారు. మా ఇంట్లో పెదనాన్నకి అచ్చంగా ఇదే అయింది, చూడ్డానికి గది ఎంతో బాగుంది, ఆయన తొక్కడం మాత్రం ఆగిపోయింది. పాపకీ అంతే. ఎవరి సైకిల్ వాళ్లు ఒకళ్లని పిలవకుండా తీసుకుని వెళ్లగలగాలి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే వేసుకోండి తమ్ముడూ.

తోటపాలెం_ఇల్లు:
అప్పా, ఆ ఒక్క మాటతో కార్పెంటర్ ప్లాన్ పక్కన పెట్టేశాం. నాన్నగారికి కూడా చదివి వినిపించాను.

షీట్ పరీక్ష చేశాం. పడమటి గోడకి మాత్రమే, అదీ కింది భాగంలో, షీట్ వెనక తడి ఉంది. ఆ గోడ అవతలే స్నానాల గది నీళ్లు పోయే కాలవ, దానికి పగుళ్లున్నాయి. రేపట్నుంచి ఆ పని మొదలు. మిగతా మూడు గోడలు పొడిగానే ఉన్నాయి. ఇప్పుడు ఏ సైకిల్ ఎక్కడ పెట్టాలో చెప్పండి.

ఎచ్చెర్ల_రైడర్:
సుద్దముక్క తీసుకుని నేల మీద గీసి చూడండి అన్నా, కాగితం మీద లెక్క నమ్మకండి. మామూలు సైకిల్ పొడవు ఐదు ముప్పావు అడుగుల పైమాటే, పాత నల్లది ఇంకా పొడుగు. వెడల్పు మొత్తం హ్యాండిల్ దగ్గరే. రోడ్డు సైకిల్ హ్యాండిల్ అడుగున్నర లోపే, కొండల సైకిల్‌ది రెండుంబావు నుంచి రెండున్నర అడుగులు. ఒకదాని ముందు చక్రం, పక్కదాని వెనక చక్రం పక్కపక్కన వచ్చేలా ఎదురెదురుగా పెడితే హ్యాండిళ్లు తగలవు. సైకిల్‌కి అడుగున్నర చొప్పున సరిపోతుంది.

ముందు చక్రం కొక్కేనికి తగిలించి నిలువుగా వేలాడదీస్తే గోడ నుంచి మూడున్నర అడుగులు ముందుకొస్తుంది. చాలామంది ఇది కొలవరు. తొమ్మిదడుగుల వెడల్పులో మూడున్నర పోతే మనిషి తిరగడానికి, తలుపు తెరవడానికి ఏం మిగులుతుందో చూసుకోవాలి. కొక్కెం ఆరుంబావు, ఆరున్నర అడుగుల మధ్య ఉంటే వెనక చక్రం నేలకి కాస్త పైన ఉంటుంది. అలాంటప్పుడు సైకిల్‌ని వెనక చక్రం మీద నిలబెట్టి తోసుకుంటూ వెళ్లి ముందు చక్రం తగిలించొచ్చు, మొత్తం బరువు ఎత్తక్కర్లేదు. మీ గేర్ల సైకిల్ ఒక్కటి అలా పెట్టుకోండి. మిగతా మూడూ నేల మీదే, నాన్నగారిది తలుపుకి అన్నిటికన్నా దగ్గరగా.

మీది ఆయిల్ డిస్క్ బ్రేకులా? నిలువుగా చాలాకాలం వేలాడితే లోపలి గాలి బుడగ స్థానం మారి లివర్ మెత్తగా అనిపించొచ్చు. దించాక కాసేపు మామూలుగా నిలబెట్టి, లివర్ కొన్నిసార్లు నొక్కి, బ్రేకు పట్టిందని చూసుకున్నాకే ఎక్కండి.

మూడు_లాంతర్లు:
మాదీ విజయనగరమే. సిరిమాను చుట్టాల బాధ నాకు బాగా తెలుసు! దసరా తర్వాత వచ్చే మంగళవారానికి ఇల్లంతా మనుషులే. కాబట్టి గోడకి శాశ్వతంగా ఏమీ బిగించకండి. నేను వెల్డింగు షాపులో ఎల్-యాంగిల్‌తో విడిగా నిలబడే ఫ్రేము చేయించాను. రెండు నిలువు కాళ్లు, పైన ఒక అడ్డ కమ్మీ, కింద నేల మీద రెండు పొడుగు పాదాలు. అన్నీ బోల్టుల మీదే, వెల్డింగు ఆ పాదాల దగ్గర మాత్రమే. పండగకి స్పానర్‌తో విప్పి గోడవారగా పెట్టేస్తాను, గదిలో పరుపులు పడిపోతాయి. పాత గోడకి ఒక్క కన్నం కూడా పడదు.

పాదాలు పొట్టిగా పెట్టనివ్వకండి. బరువు ముందుకు వేలాడుతుంది కాబట్టి ముందు వైపు మూడడుగులైనా ఉండాలి.

కళింగపట్నం_గాలి:
సముద్రం పక్కనున్నవాడిగా ఒక మాట. మీకు ఉప్పు గాలి మా అంత ఉండదు గానీ, ఆదివారం చింతపల్లి బీచ్ దాకానో భీమిలి దాకానో తొక్కి వస్తే ఉప్పుని మీరే ఇంటికి తెచ్చుకుంటారు. గదిలోకి తోసేముందు మంచినీళ్లు సన్నగా పోసి కడగండి. గట్టిగా కొట్టే పైపు వద్దు, బేరింగుల్లోకి నీరెళ్తుంది. గుడ్డతో తుడిచి, ఆరాక చైన్‌కి సైకిల్ చైన్ ఆయిలే వేయండి. కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు, అది జిగురుకట్టి దుమ్ము పట్టుకుంటుంది. స్పోకులు రిమ్ములోకి దిగే చోట తుప్పు మొదలవుతుంది, అక్కడ తప్పకుండా చూడండి.

పెరట్లో రేకుల షెడ్డు చాలు కదా, గది ఎందుకు అని ఎవరైనా అంటే వినకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుపాన్లూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ అయితే మా జిల్లాలో పలాస దగ్గరే తీరం దాటింది. ఆ గాలికి రేకులు నిలబడవు, ఎగిరిన రేకు మనిషి మీద పడితే ఇంకా ప్రమాదం. గోడలున్న గదే భద్రం.

తోటపాలెం_ఇల్లు:
మూడు లాంతర్లు గారూ, ఫ్రేము ఆలోచన మా అందరికీ నచ్చింది. ఇక గడప మిగిలింది. ఐదంగుళాల ఎత్తు. నాన్నగారు నల్ల సైకిల్‌ని దాని మీంచి ఎత్తలేరు. గడప కొంచెం చెక్కిద్దామంటే అమ్మ అస్సలు ఒప్పుకోవట్లేదు. శుక్రవారం పసుపు రాసే గడప మీద చక్రాలు ఎక్కిస్తారా అంటోంది.

పొందూరు_కోడలు:
అమ్మగారి మాట కాదనకండి. గడపకి తగలకుండానే చేసుకోవచ్చు, మా అత్తయ్యగారి కోసం మేం అలాగే చేశాం. గడపకి లోపల ఒక చెక్క దిమ్మ, బయట ఒకటి. రెండూ గడప కన్నా అర అంగుళం ఎత్తు. వాటి మీద వంతెనలా చిన్న పలక, అటూ ఇటూ వాలుగా రెండు పలకలు. చక్రం బరువంతా దిమ్మల మీదే పడుతుంది. వాలు పలకలు రెండడుగులకి తగ్గకుండా ఉంటే బరువు సైకిల్ కూడా తేలిగ్గా ఎక్కుతుంది. పలక మీద పాత ట్యూబు ముక్కలు మేకులతో కొట్టండి, వానలో జారదు. శుక్రవారం పలకలు తీసి గడప కడిగి పసుపు రాసుకుని మళ్లీ పెట్టేస్తాం.

గాజులరేగ_కొత్త:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఖాళీ గదిలో ఇన్వర్టర్ ఉంది. సైకిళ్లు, ఒక బ్యాటరీ సైకిల్ కూడా అక్కడే పెట్టొచ్చా?

రిటైర్డ్_సివిల్:
నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే ఇన్వర్టర్‌ని వేరేచోటికి మార్చండి. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడని చిన్న గదిలో అది ప్రమాదం. యాసిడ్ ఆవిరికి చైన్లు, స్పోకులు తొందరగా తుప్పు పడతాయి. మార్చడం కుదరకపోతే పైన వెంటిలేటర్ తెరిచే ఉంచి, సైకిళ్లు ఎదుటి గోడ వైపు పెట్టండి.

బ్యాటరీ సైకిల్‌ని రాత్రంతా ఛార్జింగులో వదిలి నిద్రపోవద్దు. దాంతో వచ్చిన ఛార్జరే వాడండి. బయటికి వెళ్లే దారిలో, పరుపులు, అట్టపెట్టెల పక్కన ఛార్జింగ్ పెట్టకండి. కింద పడ్డ బ్యాటరీ, ఉబ్బిన బ్యాటరీ ఇంట్లో ఉంచకూడదు.

బొబ్బిలి_అప్ప:
తోటపాలెం తమ్ముడూ, రెడ్ ఆక్సైడ్ నేల మీద సైకిల్ స్టాండు ఆనితే గుంటలు పడతాయి. స్టాండు కింద నాపరాయి ముక్కలు వేసుకో. గదిలో పరుపులు కూడా వేస్తారు కాబట్టి చైన్ వైపు గోడకి రెండడుగుల ఎత్తున పాత బొంత కట్టు, పిల్లలు ఆనుకుంటే నూనె మరకలంటవు. చెమ్మ గోడకి మాత్రం ఏదీ ఆనించకు.

తోటపాలెం_ఇల్లు:
అలాగే అప్పా. కాలవ సిమెంటు పని అయింది, మట్టి కూడా తీయించాం. గోడ పూర్తిగా ఆరేదాకా సున్నం పూయొద్దని మేస్త్రీ కూడా అన్నాడు, కిటికీ పగలంతా తెరిచి ఉంచుతున్నాం. ఈలోగా ఫ్రేము చేయించేస్తాం. మూడు లాంతర్లు గారూ, యాంగిల్ ఏ సైజు చెప్పమంటారు? రంగు ఏది?

మూడు_లాంతర్లు:
ఒకటే సైకిల్ వేలాడదీస్తారు కాబట్టి అంగుళంన్నర యాంగిల్, ఐదు ఎం.ఎం. మందం చాలు. కోసిన అంచులు గ్రైండింగ్ చేయించండి, లేదంటే పాప చేతులు గీసుకుంటాయి. రంగుకి ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు, బోల్టు కన్నాల లోపల కూడా. కొక్కేనికి మందపాటి రబ్బరు గొట్టం తొడిగితే రిమ్ముకి గీతలు పడవు. పాదాల కింద రబ్బరు ముక్కలు అడగడం మర్చిపోవద్దు, షాపువాళ్లు వాళ్లంతట వాళ్లు వేయరు. బోల్టులు బిగించాక ముందు ఖాళీ ఫ్రేముని పట్టుకుని గట్టిగా ముందుకి లాగి చూడండి, తర్వాతే సైకిల్ ఎక్కించండి.