హాఫ్ లైఫ్ 2: వాల్వ్ పక్కన పడేసిన పాత ఆటే బావుండేదా?

పాత_పెంటియమ్

హాఫ్ లైఫ్ 2 వీడియో గేమ్‌కి ఇరవై ఏళ్ళు నిండాయని 2024 నవంబర్‌లో దాన్ని తీసిన వాల్వ్ కంపెనీ రెండు గంటల డాక్యుమెంటరీ పెట్టింది కదా. మొన్న ఆదివారం మళ్ళీ చూశా. అప్పట్నుంచి ఒకటే తొలుస్తోంది. మన చేతికొచ్చిన ఆట కంటే వాళ్ళు మధ్యలో వదిలేసిన ఆటే గొప్పదేమో అని.

తెలియనివాళ్ళకి టూకీగా చెప్తా. భూమిని ఆక్రమించిన కంబైన్ అనే గ్రహాంతర సేన మీద ఆడేవాడు పోరాడే షూటింగ్ గేమ్ ఇది. పని 1999లో మొదలైంది. 2003 మే నెలలో ఈ3 అనే గేమ్స్ ప్రదర్శనలో చూపించి, సెప్టెంబర్ 30న రిలీజ్ అన్నారు. తేదీ దాటిపోయింది, ఆట రాలేదు. రెండు రోజులకే ఆట సోర్స్ కోడ్ (దాని అసలు ప్రోగ్రామ్) నెట్‌లోకి వచ్చేసిందని వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఒక జర్మన్ కుర్రాడు కంపెనీ నెట్‌వర్క్‌లోకి దూరి తీసుకున్నాడు. ఆ వెంటనే సగం చేసిన మ్యాపులూ (ఆటలోని ప్రదేశాలు) బయటికొచ్చాయి. అసలు ఆట 2004 నవంబర్ 16న వచ్చింది. లీకైన ఫైళ్ళలో, తర్వాత వాల్వ్ వేసిన ఆర్ట్ బుక్‌లో కనిపించే ఆటకీ దీనికీ పోలికే లేదు.

అందులో భూమ్మీద గాలినే మార్చేసే యంత్రం ఉంది, ఎయిర్ ఎక్స్‌ఛేంజ్. జనం గ్యాస్ మాస్కులు వేసుకుని తిరుగుతారు. ఫ్యాక్టరీల్లో చిన్నపిల్లలు పనిచేస్తుంటారు. మంచు సముద్రంలో బొరియాలిస్ అనే ఓడ, నీటి అడుగున క్రాకెన్ బేస్. వీధుల్లో శవాల్ని కాల్చి బూడిద చేస్తూ తిరిగే క్రీమేటర్.

అన్నిటికంటే నాకు కడుపు మండేది మాన్‌హ్యాక్ ఆర్కేడ్ గురించి. కథ జరిగే ఊరు సిటీ 17లో ఒక వీడియో గేమ్ పార్లర్. జనం మెషీన్ ముందు నిలబడి, ఎగిరే బ్లేడు యంత్రాన్ని నడుపుతూ తెర మీద మనుషుల్ని వేటాడుతుంటారు. వాళ్ళకది ఆట. ఊళ్ళో ఎక్కడో నిజం మాన్‌హ్యాక్ వాళ్ళు తిప్పినట్టల్లా తిరుగుతూ నిజం మనిషిని నరుకుతూ ఉంటుంది. ఆట ఆడేవాడి మీదే వేసిన చురక అది. అలాంటిది ఎలా పారేశారండీ? వీటిలో ఒక్కటి కూడా చివరి ఆటలో మిగల్లేదు.

క్రోబార్_కాకినాడ

పెంటియమ్ అన్నా, మీరు బొమ్మలు చూసి మురిసిపోతున్నారు. నేను ఆ లీకు ఆడాను.

అప్పట్లో మా నెట్ సెంటర్‌లో సాయంత్రమైతే కౌంటర్ స్ట్రైక్ 1.6 కోసం కుర్చీలు దొరికేవి కావు. (అది పుట్టిందే హాఫ్ లైఫ్‌కి మోడ్‌గా, అంటే అభిమానులు దాన్ని మార్చి చేసిన ఆటగా. మనలో సగం మందికి తల్లి కంటే ముందు పిల్లే పరిచయం.) మావాడొకడు హైదరాబాద్ నుంచి మార్కర్‌తో పేరు రాసిన సీడీలు తెచ్చాడు. ఓనర్‌ని బతిమాలి, రాత్రి షట్టర్ సగం దించి, ఉన్నవాటిలో మంచి సిస్టమ్ మీద వేశాం. ఏడుగురం ఒక్క మానిటర్ ముందు.

ఒక మ్యాపులో నేల ఉంది, గోడలన్నీ గులాబీ నలుపు గళ్ళు. ఇంకోదాంట్లో తలుపు తీస్తే అవతల ఏమీ లేదు, అలా కిందికి పడుతూనే ఉన్నాం. ఒక సైనికుడు చేతులు రెండూ బార్లా చాచి నిలబడ్డాడు. కాల్చినా చావడు, కదలడు. పావుగంట చూసి అందరూ మళ్ళీ కౌంటర్ స్ట్రైక్ డస్ట్ 2 మ్యాపులోకి పోయారు. "ఇదేనా నువ్వు చెప్పిన గేమ్" అని సీడీలు తెచ్చినవాణ్ణి వారం రోజులు ఏడిపించాం.

మీకు నచ్చిన ఆట మీ బుర్రలో ఉందన్నా. వాల్వ్ ఆఫీసులో ఎప్పుడూ లేదు.

వరంగల్_వోర్టిగాంట్

లీకు ఆడి పాత ఆట బాలేదనడం, నానేసిన పప్పు నోట్లో వేసుకుని గారె బాలేదన్నట్టుంది. అది పూర్తి చేయని సరుకని అందరికీ తెలుసు. పూర్తి చేసుంటే ఏమయ్యేదన్నది ప్రశ్న.

ఇంకో మాట. ఆ ఈ3 డెమోలో సైనికుడు తలుపు తన్నుకుని లోపలికొస్తే కృత్రిమ మేధ అని హాలంతా చప్పట్లు కొట్టారు. అది ముందే రాసిపెట్టిన సీన్. అంటే అప్పటికి చివరి ఆట కూడా పచ్చి పిండే. ఒకదానికి ఇంకో ఏడాది వేగే అవకాశం ఇచ్చారు, ఇంకోదానికి ఇవ్వలేదు.

స్నైపర్_సత్తిబాబు

హాఫ్ లైఫ్ 3 ఎప్పుడు?

లాంబ్డా_లత

నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో లెవెల్ డిజైనర్‌ని (ఆటలో దశలు కట్టే పని), పదకొండేళ్ళుగా. కాబట్టి పారేసేవాళ్ళ తరఫున మాట్లాడతా.

వాల్వ్ మొదటి హాఫ్ లైఫ్‌నే దాదాపు పూర్తిచేసి పారేసింది. 1997 చివర్లో రావాల్సిన ఆట. చేతిలో ఉన్నది బాలేదని వాళ్ళకే అనిపించింది. బావున్న ఆలోచనలన్నీ కలిపి ఒక చిన్న లెవెల్ చేసి చూసుకున్నారు, అది నచ్చింది, ఇక ఆట మొత్తం ఆ స్థాయిలో మళ్ళీ కట్టారు. అందుకే ఏడాది ఆలస్యం, 1998 నవంబర్. ఆ పని మీద కెన్ బర్డ్‌వెల్ రాసిన వ్యాసం మా ఫీల్డ్‌లో చాలామంది చదివే ఉంటారు. తను కట్టిన లెవెల్‌లో బయటివాడు దారి తెలీక ఇరవై నిమిషాలు తిరుగుతుంటే వెనక కూర్చుని నోరు విప్పకుండా చూడటమంత సిగ్గుచేటు ఇంకోటి లేదంటాడు.

అది నాకు అనుభవమే. ఒక మొబైల్ గేమ్‌లో మూడు నెలలు పెట్టి కోట లెవెల్ చేశా. టెస్టింగ్‌కి ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. కోట గుమ్మం ముందు నిలబడి గోడని తడుముతూ తడుముతూ, నేను అలంకారానికి పెట్టిన దీపాన్ని నలభైసార్లు నొక్కింది. "అమ్మా, పక్కనే తలుపుంది" అనాలని ప్రాణం కొట్టుకుంటోంది, అనకూడదు. ఆఖరికి ఫోన్ బల్ల మీద పెట్టి "ఆంటీ, ఇది పాడైంది" అంది. ఆ లెవెల్ పోయింది. (ఆంటీ అన్నది మాత్రం ఇంకా పోలేదు.)

ఇప్పుడు హైడ్రా సంగతి. నీటిలోంచి లేచే పారదర్శకమైన జీవి, ఈ3లో అందరూ నోళ్ళు తెరుచుకుని చూసింది. దాని మీద చాలా కాలం పనిచేశారు. సైనికుణ్ణి పొడిచి ఎత్తుతుంటే చూడ్డానికి అద్భుతం. అదే ఆడేవాడి మీదికొస్తే, మన కంటితో చూసే ఆట కదా, ఏం జరిగిందో కనపడదు. చచ్చిపోయాం అని మాత్రం తెలుస్తుంది. చూడ్డానికి బావున్నదల్లా ఆడటానికి బావుండదు. తీసేశారు. తప్పేముంది?

దీని పక్కన చివరి ఆటలోని రేవెన్‌హోమ్ ఊరు గుర్తు తెచ్చుకోండి. లోపలికెళ్ళగానే గోడకి గుచ్చుకున్న రంపపు బ్లేడు, దాని మీద సగానికి తెగిన జాంబీ. బ్లేడుని, వస్తువుల్ని లాగి విసిరే గ్రావిటీ గన్‌తో లాగుతాం. లాగీ లాగగానే మలుపులోంచి ఇంకో జాంబీ సరిగ్గా ఎదురుగా వస్తుంది. చేతిలో బ్లేడుంది, భయంతో వేలు నొక్కేస్తుంది. రెండు ముక్కలు. ఒక్క అక్షరం చదివించకుండా పాఠం అయిపోయింది. ఇది ఆర్ట్ బుక్‌లో బొమ్మగా వేస్తే ఎవరూ రెండోసారి చూడరు.

వరంగల్_వోర్టిగాంట్

లత గారూ, హైడ్రా మీకే వదిలేస్తా. కానీ ఫ్యాక్టరీలో పిల్లలు ఉండటం వల్ల ఆడేవాడికి దారి తప్పుతుందా? ఆర్కేడ్ పెడితే తలుపు కనపడదా? టెస్టింగ్‌తో ఇబ్బందులు పోతాయి, నిజమే. కొన్నిసార్లు ఇబ్బంది పెట్టాల్సినవీ పోతాయి.

పాత కథలో కెప్టెన్ వాన్స్ అనే సైనికుడు ఒకడు, ఎలై మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త ఇంకొకడు. ఇద్దర్నీ నూరి ఎలై వాన్స్ చేశారు. కాన్సల్ అనే నియంత పోయి డాక్టర్ బ్రీన్ వచ్చాడు. అన్నీ నునుపు చేస్తూ పోయారు.

లాంబ్డా_లత

ఇద్దర్ని ఒకణ్ణి చేయడం వల్లే కదా ఆటలో మనకి తోడుండే అలిక్స్‌కి ఇలాంటి నాన్న దొరికాడు! ఎలై ల్యాబ్ ఉన్న బ్లాక్ మెసా ఈస్ట్‌లో ఆ తండ్రీకూతుళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకునే తీరు వల్లే, తర్వాతి భాగమైన ఎపిసోడ్ టూ చివర్లో ఎలై పోతే నేను ఏడ్చాను. కెప్టెన్‌గారు పోయుంటే ఏడ్చేదాన్ని కాదు.

పిల్లల సంగతి. చివరి ఆటలో పిల్లలే లేరు. జనానికి పిల్లలు పుట్టకుండా కంబైన్ వాళ్ళు ఏదో క్షేత్రం వేశారని బ్రీన్ టీవీలో తియ్యగా సర్దిచెప్తుంటాడు. బయట ఖాళీ ఆటస్థలం కనిపిస్తుంది. ఎవరూ దాని గురించి నోరెత్తరు. ఫ్యాక్టరీ బొమ్మ కంటే నాకది ఎక్కువ గుచ్చుకుంది.

గాలి మార్చే యంత్రం పోయింది, నిజమే. కోస్తా లెవెల్స్‌లో రేవు వంతెనలు ఎండు ఇసుకలో దిగాలుగా నిలబడి ఉంటాయి చూశారా? సముద్రాన్ని తోడేశారు. మాస్కు పెట్టుకున్న మనిషికి ముఖం ఉండదు. ఈ ఆట గొప్పదనంలో సగం ముఖాలదే, మాస్కులు పెట్టేస్తే ఆ యానిమేషన్ అంతా ఎవరి కోసం?

వెలుతురు కూడా అంతే. మొదట వేసుకున్న ఊరు ఆకాశహర్మ్యాల అమెరికా నగరంలా ఉండేది, చీకటి, వాన. తూర్పు యూరప్‌కి మార్చింది విక్టర్ ఆంటోనోవ్, బల్గేరియాలోని సోఫియాలో పుట్టిన మనిషి (2025 ఫిబ్రవరిలో పోయారు). పాత రాతి భవనాలు, పొద్దుటి ఎండ, వాటి మధ్య కంబైన్ వాళ్ళ నీలం ఉక్కు కోట, సిటాడెల్. చీకట్లో భయపెట్టడం ఎవరైనా చేస్తారు.

క్రోబార్_కాకినాడ

రైలు దిగగానే పోలీసోడు డబ్బా కిందికి తోసి, తీసి చెత్తబుట్టలో వెయ్ అంటాడు చూడండి. మొదటిసారి వాడి మొహం మీదికే విసిరి లాఠీదెబ్బలు తిన్నా. ఆ ఒక్క నిమిషంలో ఊరెలాంటిదో తెలిసిపోతుంది, వస్తువులు ఎత్తొచ్చని కూడా తెలుస్తుంది. గ్యాస్ మాస్కులెందుకు ఇక.

మోడరేటర్

లీకు డౌన్‌లోడ్ లింకు పెట్టిన పోస్టు తీసేశాను. చర్చ కానివ్వండి, లింకులు వద్దు.

పాత_పెంటియమ్

లత గారు చెప్పిన ఖాళీ ఆటస్థలం దగ్గర కొంచెం మెత్తబడ్డా. ఆర్కేడ్ మాత్రం వదలను.

ఒకటి అడుగుతా. ఇంత బాగా పారేయడం తెలిసినవాళ్ళు ఆ తర్వాత రావాల్సిన ఎపిసోడ్ త్రీని ఏం చేశారు? అదే డాక్యుమెంటరీలో చూపించారుగా. మంచు గడ్డ కట్టించే గన్, దాంతో గోడలు లేపడం, జారుకుంటూ పోవడం. జాలీల్లోంచి కూడా కారిపోయే జిగురు ముద్దలాంటి శత్రువు. ఆర్నెల్లు పనిచేసి లెఫ్ట్ 4 డెడ్ అనే ఇంకో ఆట పనికి వెళ్ళారు, తిరిగి రాలేదు. కొత్తగా ఏం చేయాలో తట్టనప్పుడు కథ ముందుకి జరపడానికే ఆట తీయడం దొంగ సాకు అని న్యూవెల్ సెలవిచ్చాడు. 2007 అక్టోబర్‌లో వచ్చిన ఎపిసోడ్ టూలో అలిక్స్ తండ్రి శవం మీద పడి ఏడుస్తుంటే తెర దించారు. 2020లో హాఫ్ లైఫ్: అలిక్స్ వచ్చేదాకా ఆ అమ్మాయి అలాగే ఏడుస్తూ ఉంది. అది చూడ్డానికీ తలకి వీఆర్ పెట్టె కట్టుకోవాలి.

పారేయడం కూడా ఒక వ్యసనమే.

లాంబ్డా_లత

దానికి నా దగ్గర సమాధానం లేదు. హాఫ్ లైఫ్ కథలు రాసిన మార్క్ లెయిడ్‌లా 2017 ఆగస్టులో పేర్లు మార్చి ఎపిసోడ్ త్రీ కథని తన సైట్‌లో పెట్టినప్పుడు ఆఫీసులో పని ఆపేసి చదివాను. తర్వాత ఆయనే అలా పెట్టకుండా ఉండాల్సిందన్నాడు. ఎపిసోడ్ త్రీ విషయంలో మీరే రైటు. పారేసి మళ్ళీ కట్టడం వేరు, పారేసి ఊరుకోవడం వేరు.

వరంగల్_వోర్టిగాంట్

ఇక్కడ జపాన్ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్‌వాళ్ళని మెచ్చుకోవాలి. రెసిడెంట్ ఈవిల్ 2 సగం పైన చేసి పారేశారు. ఎల్జా వాకర్ అనే బైకు అమ్మాయి పోయి క్లేర్ వచ్చింది, 1998 జనవరికల్లా కొత్తది షాపులో ఉంది. రెసిడెంట్ ఈవిల్ 4గా మొదలై దారితప్పినదాన్ని పారేయకుండా పేరు మార్చి 2001లో డెవిల్ మే క్రై అన్నారు. దోశ చెడితే ఊతప్పం.

వాల్వ్ కూడా బొరియాలిస్‌ని దాచింది, అది ఒప్పుకోవాలి. ఎపిసోడ్ టూలో ఆ ఓడ కోసమే వెతుకులాట. వాల్వ్‌దే ఇంకో ఆట పోర్టల్ 2లో, కథలోని అపర్చర్ కంపెనీ పాత భవనాల కింద ఓడ కట్టిన ఖాళీ రేవు ఉంటుంది, బొరియాలిస్ పేరున్న లైఫ్‌బెల్టుతో సహా. ఓడ మాత్రం లేదు.

అన్నట్టు పెంటియమ్ అన్నా, ఒక్కటి కూడా మిగల్లేదని మొదట్లో రాశారు. సిటాడెల్‌లో పెట్టెలో వేలాడుతూ వెళ్ళేటప్పుడు అటూ ఇటూ చూడండి. లీకులో ఉన్న కంబైన్ జీవయంత్రాలు క్రాబ్ సింత్, మోర్టార్ సింత్ అక్కడ తిరుగుతూనే ఉంటాయి. మీ క్రీమేటర్ కూడా ఉన్నాడు. ఎలై ల్యాబ్‌లో వెతకండి.

పాత_పెంటియమ్

క్రీమేటర్? ఆ ల్యాబ్‌లోకి పదిసార్లైనా వెళ్ళుంటా. లేడు.

వరంగల్_వోర్టిగాంట్

సీసాలు చూడండి.

పాత_పెంటియమ్

ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసి, డబ్బా దగ్గర్నుంచి మొదలెట్టి, బోటు కాలువలన్నీ దాటి, రాత్రి రెండింటికి ల్యాబ్‌కి చేరా. అలిక్స్ పిలుస్తోంది, వెళ్ళలేదు. ఎలై మాట్లాడుతున్నాడు, వినలేదు. సూట్ జూమ్ పెట్టి బల్లలన్నీ గాలించా.

ఉన్నాడు. మెడ దాకా కోసి, సీసాలో పెట్టి ఉన్నాడు.

స్క్రీన్‌షాట్ రేపు పెడతా, మా ఆవిడ లైటు ఆపమంటోంది.