పెట్టెలో దొరికిన దంతం బొమ్మ అసలుదేనా? తెలిసినవాళ్లు చెప్పండి

బీచ్‌రోడ్_వాసి:
అందరికీ నమస్కారం. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో దంతంలాంటి రేకు మీద రంగులతో వేసిన రెండంగుళాల కోలాకారపు చిత్తరువు దొరికింది. ఎర్రకోటు దొర, పైన గాజు, ఇత్తడి ఫ్రేము. అంచున ఇంగ్లీషులో జె.ఎస్., కింద 1788. వన్‌టౌన్‌లో పాత సామాన్లు కొనే ఒకాయన చూడగానే "కంపెనీ కాలంనాటి వైజాగ్ దంతప్పని" అని రేటు చెప్పేశాడు. అమ్మే ఆలోచన లేదు. అసలు అదేమిటో తెలుసుకోవాలని ఉంది.

ఫ్రేముల_షాపు:
ముందు గాజు తీయకండి, తడిగుడ్డ అసలు తగలనివ్వకండి. దంతం మీద వేసేది నీటిరంగు. దంతం దాన్ని లోపలికి పీల్చుకోదు, రంగు పైపైనే నిలుస్తుంది. ఒక్కసారి తుడిచినా మొహం చెదిరిపోతుంది. మన సముద్రపు తేమకు ఆ పల్చటి రేకు వంగుతుంది, పగులుతుంది కూడా.

బంగారం షాపులో వాడే పది రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దం) గాజు మీంచే చూడండి. ఒకే వరసలో ముద్ర చుక్కలు కనిపిస్తే అది అచ్చు బొమ్మ. చేత్తో వేసినదైతే మొహమంతా సన్నటి చుక్కలు, పొట్టి గీతలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఫొటో మీద రంగులద్దిన రకం ఇంకోటి ఉంది. అందులో మొహం నునుపుగా ఉంటుంది, బ్రష్ జాడ కోటు మీదే కనిపిస్తుంది.

పూర్ణామార్కెట్_మనవరాలు:
కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దంతమైతే మచ్చ పడిపోతుంది, సెల్యులాయిడ్ (దంతంలా కనిపించే పాతకాలపు ప్లాస్టిక్) అయితే భగ్గున అంటుకుంటుంది. ఎముకలో నల్లటి సన్న రంధ్రాలుంటాయి, సెల్యులాయిడ్‌లో చారలు గీసినట్టు సమంగా ఉంటాయి. అసలు దంతంలో వలలాంటి గీతలు వెతకమంటారు కానీ, అవి అడ్డంగా కోసిన ముక్కలోనే బాగా తెలుస్తాయి. బొమ్మల కోసం నిలువుగా కోసిన రేకులో మామూలుగా అలల్లాంటి చారలే ఉంటాయి.

భీమిలి_బాబాయ్:
"వైజాగ్ దంతప్పని" అన్న మాట నమ్మకండి. 18వ శతాబ్దంలో మన విశాఖ పనివాళ్లు పేరు తెచ్చుకున్నది పెట్టెలకూ కుర్చీలకూ దంతం పొదగడంలో, దాని మీద గీతలు చెక్కి నల్ల లక్క నింపడంలో. ఆ పని చూస్తే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. మీది బ్రష్‌తో వేసిన చిత్తరువు, ఇంగ్లీషు సంప్రదాయం. అక్కడ దంతం మీద వేయడం 1700 తర్వాతే మొదలైంది, అంతకు ముందు తోలుకాగితం వాడేవారు.

జె.ఎస్. అంటే ఇలాంటి చిన్న చిత్తరువులు వేసిన ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ స్మార్ట్ అని ఎవరైనా చెబుతారు. ఆయన 1785 నుంచి 1795 దాకా మద్రాసులో ఉన్నాడు, తేదీ సరిపోతుంది. కానీ ఇండియాలో వేసిన బొమ్మల మీద ఆయన సంవత్సరం కింద ఇండియాకు గుర్తుగా "ఐ" అక్షరం పెట్టేవాడు. అది ఉందా? ఆయన సంతకానికి నకళ్లు చాలా ఉన్నాయి, ముందు మొహం మీది పనితనం చూడాలి.

బీచ్‌రోడ్_వాసి:
లూప్‌తో చూశాను. మొహంలో చుక్కలు, గీతలు చేత్తో వేసినవే. "ఐ" మాత్రం లేదు. సంతకం రంగు పక్క రంగు కన్నా కొంచెం ముదురుగా ఉంది. వెనక పాత ఇంగ్లీషు ఉత్తరం ముక్క అతికించి ఉంది.

భీమిలి_బాబాయ్:
అయితే బొమ్మ పాతదే కావచ్చు, సంతకం తర్వాత చేరి ఉండొచ్చు. పాత కాగితం సాక్ష్యం కాదు. పియానో మెట్ల దంతంతో ఫ్రేము చేసి, వెనక పాత కాగితం అంటించిన అలంకరణ బొమ్మలు యూరప్‌లో బోలెడు తయారయ్యాయి. ఇక మిగిలింది నిపుణుల పరీక్ష. తెల్లరంగులో టైటానియం బయటపడితే ఆ రంగు 20వ శతాబ్దంలో పడినట్టే.

పూర్ణామార్కెట్_మనవరాలు:
ఆ వన్‌టౌన్ ఆయనకు ఇవ్వకండి. మన దేశంలో ఏనుగు దంతం కొనడం, అమ్మడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దగ్గర ఉంచుకోవడానికి ఏం చేయాలో అటవీ శాఖ వాళ్లను అడగండి. బొమ్మ వందేళ్లు దాటినదని తేలితే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. బయట దేశంలో ఉన్న బంధువులకు కూడా మీ అంతట మీరు పంపకూడదు. నిపుణులకు చూపించడానికి ఫొటోలు చాలు. ఎండ ఏటవాలుగా పడేలా ఒకటి, సంతకం దగ్గరగా ఒకటి, వెనకవైపు ఒకటి తీయండి.

బీచ్‌రోడ్_వాసి:
రేపు పొద్దున ఎండలో తీసి ఇక్కడే పెడతానండి.