టేకు డబ్బాలో గేమ్ కన్సోల్, వేడెక్కుతోంది

అన్నలూ, మాది మిర్యాలగూడ. నాన్న వడ్రంగి. దర్వాజా చేయగా మిగిలిన టేకు ముక్కతో చేతిలో పట్టే గేమ్ కన్సోల్ చేశాను. లోపల రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, అందులో పాత వీడియో గేమ్‌లు ఆడించే రెట్రోపై సాఫ్ట్‌వేర్. అంచులు నాన్నే చిత్రిక పట్టి గుండ్రంగా తీశారు, అరచేతిలో ఎంత బాగా ఒదుగుతుందో! కానీ అరగంటకే గేమ్ నెమ్మదిస్తోంది.

— తమ్మీ, చెక్క వేడిని బయటికి పోనివ్వదు. 80 డిగ్రీలకు చేరితే చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది. చిప్ మీద అల్యూమినియం హీట్‌సింక్ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు ముక్క) అంటించు. వెనక పలకకు పైనా కిందా రంధ్రాలు వేయించు.

— 3.7 వోల్టుల బ్యాటరీని 5కు పెంచే బూస్ట్ బోర్డు కూడా బాగా వేడెక్కుతుంది. బ్యాటరీకి ఆనించకు, ప్రమాదం.

— అన్నా, 3 మిల్లీమీటర్ల బిట్టుతో పన్నెండు రంధ్రాలు వేశాం. ఇప్పుడు 71 డిగ్రీలు దాటట్లేదు. రాత్రి నాన్న గంటసేపు ట్యాంకుల ఆట ఆడారు.