పక్కింటి హామ్ రేడియో మాటలు మా స్పీకర్లలో: క్లాస్-డీ ఆంప్లిఫయర్‌కు కెపాసిటర్లు పెట్టొచ్చా?

ఊరు తిరుపతి, బైరాగిపట్టెడ. పక్కింటాయన లైసెన్సున్న హామ్ (అభిరుచిగా రేడియోలో మాట్లాడేవారు). 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌ఎస్‌బీలో (గొంతు పంపే ఒక రేడియో పద్ధతి) 100 వాట్లతో మాట్లాడితే మా 5.1 హోమ్ థియేటర్‌లో ముద్దముద్దగా గొంతు వస్తుంది. తలకిందుల V ఆకారంలో ఉండే ఆయన ఇన్వర్టెడ్ వీ తీగ యాంటెన్నా కొస మా పిట్టగోడకు నాలుగు మీటర్లే. 14 మెగాహెర్ట్జ్‌కు మారితే ఏ ఇబ్బందీ లేదు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు, పరీక్షలకు ఓపిగ్గా సాయం చేశారు. అదే 100 వాట్లు డమ్మీ లోడ్‌కు (యాంటెన్నా బదులు పెట్టే, తరంగాలు వెదజల్లని రెసిస్టర్) పంపితే ఇక్కడ నిశ్శబ్దం. అంటే యాంటెన్నా నుంచే వస్తోంది. మా వాల్యూమ్ సున్నాకు తెచ్చినా గొంతు తగ్గదు కాబట్టి పట్టుకుంటున్నది పవర్ ఆంప్ దశ. హెచ్‌డీఎంఐ, సెట్‌టాప్ బాక్స్ తీగలు పీకేసినా అంతే. వెనక స్పీకర్ల తీగలు పది మీటర్లు, 40 మీటర్ల బ్యాండుకు (అంటే ఈ 7 మెగాహెర్ట్జ్‌కు) దాదాపు పావు తరంగదైర్ఘ్యం! అవి ఊడదీస్తే బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

క్లిప్ ఫెరైట్లు (తీగ మీద బిగించే, రేడియో సిగ్నల్‌ను అడ్డుకునే ముక్కలు) వేస్తే తేడా లేదు. తీగ ఒక్కసారి దూరితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఇంపెడెన్స్ చాలదు. ఎఫ్‌టీ240-31 అనే పెద్ద ఫెరైట్ రింగుల మీద ఒక్కో స్పీకర్ జంట తీగను 12 చుట్లు చుట్టాక సగానికి పైగా పోయింది.

మిగిలినదానికి ఒక్కో స్పీకర్ టెర్మినల్ నుంచి చాసిస్‌కు 1 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టాలనుకుంటున్నా. ఆంప్లిఫయర్ క్లాస్-డీ (ట్రాన్సిస్టర్లు వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే రకం), బ్రిడ్జ్ అవుట్‌పుట్ (స్పీకర్ రెండు తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు), లోపల ఎల్‌సీ ఫిల్టర్ (ఆ స్విచింగ్‌ను వడకట్టే కాయిల్, కెపాసిటర్) ఉంది. ఆ ఫిల్టర్ తర్వాత ఈ కెపాసిటర్లు పెడితే అవుట్‌పుట్ దశకు ప్రమాదం ఉంటుందా?