గడువు తీరినా ఖాళీ చేయడం లేదు, తాళం మార్చవచ్చా? (చంద్రపూర్)

కొత్త యజమాని: చంద్రపూర్‌లో మా అమ్మ పేరిట ఉన్న మేడ మీది వాటా మొదటిసారి అద్దెకిచ్చాం. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసి నోటరీ చేయించాం. దసరాకే గడువు తీరింది. అద్దె ఒకటో తేదీకే ఇస్తున్నారు, ఖాళీ మాత్రం చేయడం లేదు. మెట్ల తలుపుకు కొత్త తాళం వేయవచ్చా?

వర్ధా వంతెన: నిక్షేపంగా వేయండి. నీళ్ల మోటారు కూడా కట్టేయండి, వారంలో సామాను సర్దుకుంటారు.

సిరోంచ మాస్టారు: ఆ పని మాత్రం చేయకండి. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 29వ సెక్షను ప్రకారం నీళ్లు, కరెంటు ఆపకూడదు. కాగితం రిజిస్టరు చేయించారా?

వర్ధా వంతెన: పదకొండు నెలలకు రిజిస్ట్రేషన్ ఎందుకు? ఏడాది దాటితేనే కావాలి. నోటరీ ముద్ర ఉంది కదా.

సిరోంచ మాస్టారు: ఏడాది లెక్క 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానిది. ఇక్కడ అద్దె చట్టం 55వ సెక్షను కూడా ఉంది. ఎన్ని నెలలకైనా ఒప్పందం రాసి రిజిస్టరు చేయించాలి, ఆ బాధ్యత యజమానిదే. లేకపోతే షరతుల గురించి అద్దెకున్నవారు చెప్పిందే చెల్లుతుంది, కాదని మీరు రుజువు చేసేదాకా. మూడు నెలల జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా కూడా ఉంది.

వర్ధా వంతెన: మాస్టారూ, మీరెప్పుడూ అద్దెకున్నవారి పక్షమే. బల్లార్షాలో ఒక గది కోసం మా నాన్న కోర్టు చుట్టూ తిరిగి, తీర్పు వినకుండానే పోయారు. ఆ గదిలో ఇప్పటికీ వాళ్లే ఉన్నారు.

సిరోంచ మాస్టారు: అవును, వాళ్ల పక్షమే. నేను పదో తరగతిలో ఉండగా ఇంటాయన మా సామాను వాకిట్లో పెట్టించాడు. పొయ్యి మీది చారుగిన్నెను మా అమ్మ కొంగుతో పట్టుకుని వీధిలో నిలబడింది. ఆ ఏడాది నా పరీక్ష పోయింది.

కొత్త యజమాని: ముందే చెప్పాల్సింది. వాళ్ల అమ్మాయిదీ పదో తరగతే. మార్చి పరీక్షలయ్యాక వెళ్తామంటున్నారు. అమ్మ సరేనంది. ఒకసారి ఊరుకుంటే ఇల్లు చేజారుతుందని నా భయం.

వర్ధా వంతెన: ఆ భయం నిజమైనదే. మా నాన్న కూడా పిల్లల చదువు చూసే ఊరుకున్నారు.

సిరోంచ మాస్టారు: నోటిమాట మీద ఊరుకోవద్దనే నేనూ అంటున్నాను. ఏప్రిల్ నెలాఖరు వరకు కొత్తగా లీవ్ అండ్ లైసెన్స్ (గడువు వరకు ఉండడానికి అనుమతినిచ్చే ఒప్పందం) రాయించి రిజిస్టరు చేయించండి. గడువు దాటితే 24వ సెక్షను కింద కాంపిటెంట్ అథారిటీ, అంటే ఇలాంటి కేసులు వినే అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. ఆపైన ఉన్నన్నాళ్లకు రెట్టింపు సొమ్ము కూడా రాబట్టుకోవచ్చు. మీ నాన్నగారి చేతిలో అలాంటి కాగితం ఉంటే అన్నాళ్లు తిరిగేవారు కాదు.

వర్ధా వంతెన: వాళ్లు సంతకం పెట్టబోమంటే?

సిరోంచ మాస్టారు: అప్పుడు వకీలు ద్వారా నోటీసు ఇవ్వండి. అద్దె సక్రమంగా కడుతున్నవారిని పంపడానికి 16వ సెక్షనులోని కారణం ఒకటి చూపాలి. సొంతానికి ఇల్లు కావాలన్నది అందులో ఉంది.

కొత్త యజమాని: అమ్మకు మోకాళ్ల నొప్పులు, రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు ఎక్కలేదు.

చాందా కోట: అక్కర్లేదు. ఆధార్ వేలిముద్రతో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చేయించవచ్చు.

వర్ధా వంతెన: ఈ వారంలోనే చేయించండి. డిపాజిట్ ఎప్పుడు తిరిగి ఇస్తారో కూడా అందులోనే రాయించండి.