అరవై దాటాక కథలు రాయొచ్చా, ఊరుకోవాలా?

రిటైర్డ్ గుమస్తా (ఆమదాలవలస)
అందరికీ నమస్కారం. మొన్న జనవరిలో మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యాను. వయసు 62. సర్కారు రిటైర్మెంటు వయసుని 58 నుంచి 60కి, అక్కణ్ణుంచి 62కి జరపడంతో నా కథలు కూడా నాలుగేళ్ళు వెనక్కి జరిగాయి. ఇప్పటికి ఏడు రాశాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాలో కొబ్బరితోటల ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు పడిపోయిన చెట్ల జాబితా రాసే డ్యూటీ నాకు పడింది. ఒక ముసలమ్మ తన తోటలో వేళ్ళతో సహా లేచిపోయిన కొబ్బరిచెట్టు పక్కన కూచుని "పద్నాలుగు రాసుకో బావూ" అంది. రాసుకుని కదలబోతుంటే ఆ పక్కనున్న చెట్టు మీద చెయ్యేసి "ఇదొక్కటీ రాయొద్దు, మా ముసిలోడు నాటినాడు" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. దాన్నే కథ చేసి ఒక పత్రికకి పంపితే తిరిగొచ్చింది. కథ మొత్తం ఫైలుగా జతచేశాను, చదవండి. మా అబ్బాయి "ఈ వయసులో ఎందుకు నాన్నా, హాయిగా అరసవల్లి వెళ్ళి దణ్ణం పెట్టుకు రా" అంటున్నాడు. రాయాలా, మానాలా?

ఏడురోడ్ల జంక్షన్
రాసీయండి బావూ. ఎవులొద్దన్నారు?

సిక్కోలు కుర్రోడు
ఎవరూ వద్దనకపోవడమే వచ్చిన చిక్కు. గుమస్తా గారూ, మీ కథ చదివాను. ముసలమ్మ మూడో పేజీలో గానీ రాలేదు. అంతవరకూ గాలి వేగం, మండలాల పేర్లు, సర్వే బృందంలో ఎవరెవరున్నారో. "సదరు గ్రామమునందు నివసించుచున్న వృద్ధురాలు" అట! వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పుట్టిన జిల్లాలో కూచుని "నివసించుచున్న" అని రాస్తారా? ఇది కథ కాదు, ఫైలు. చివర్లో గుమస్తా కళ్ళు తుడుచుకుని పుస్తకం మూసేస్తాడు. ఎందుకో అది నేను నమ్మలేదు.

కథ రాయడం చేతిపని. పొందూరులో నూలు వడికేవాళ్ళని అడగండి, వేళ్ళకి ఎన్నేళ్ళకి పని తెలిసిందో. ఇరవై ఏళ్ళప్పుడు మొదలెడితే నలభైకి చెయ్యి తిరుగుతుంది. రిటైరైన ప్రతివాళ్ళకీ జ్ఞాపకాలుంటాయి, అవన్నీ కథలైపోవు. తెలుగు కథల లైబ్రరీ కథానిలయం మన శ్రీకాకుళంలోనే ఉంది, 1997 నుంచీ. మూడు నెలలు అక్కడ కూచుని చదవండి. ఆ తర్వాత కూడా రాయాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

కోట దగ్గర మాస్టారు (విజయనగరం)
అబ్బాయీ, ఇరవై ఏళ్ళకి మొదలెట్టాలని ఏ శాస్త్రంలో ఉంది? గురజాడ 1862లో పుట్టాడు. "దిద్దుబాటు" కథ రాసింది 1910లో. అంటే 48 ఏళ్ళకి. "ముత్యాల సరాలు" కూడా ఆ ఏడాదే. ఇవాళ మనం చదివే "కన్యాశుల్కం" 1909 నాటిది. యాభై దగ్గర పడ్డాకే ఆయన గురజాడ అయ్యాడు. మా ఊరి సంగతి మాకు చెప్పకు.

సిక్కోలు కుర్రోడు
మాస్టారూ, సగం లెక్క చెప్పి సగం దాచకండి. "కన్యాశుల్కం" మొదటిసారి ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. అప్పటికి ఆయనకి ముప్పై, ముప్పై అయిదు. అంతకు ముందు ఇంగ్లీషులో పద్యాలు కూడా రాశాడు. 48 ఏళ్ళకి కలం పట్టినవాడు కాడు, అప్పటికి కలం అరగదీసినవాడు.

కోట దగ్గర మాస్టారు
నేనన్నది తెలుగు కథ గురించి. నాటకం వేరు, కథ వేరు. పైగా 1897 ప్రతినీ 1909 ప్రతినీ పక్కపక్కన పెట్టి చూశావా ఎప్పుడైనా? రెండోది దాదాపు కొత్త నాటకం. కొత్తగా రాస్తే కొత్తగా మొదలెట్టినట్టే. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) "యజ్ఞం" కథ మాత్రం? 1924లో పుట్టిన మనిషి, అది అచ్చయింది 1960లలో.

సిక్కోలు కుర్రోడు
ఆయన 1940లలోనే రాయడం మొదలెట్టారు. ఇరవై ఏళ్ళ సాధన. మీరు నా మాటే నాకు ఉదాహరణగా చెబుతున్నారు.

చీపురుపల్లి అత్తయ్య
కన్యాశుల్కం ఎప్పుడు ఆడితే మనకేం గానీ, ఒక మాట చెబుతాను. పదో తరగతిలో నేను రాసిన కథ బడి గోడపత్రికలో పెట్టారు. పద్దెనిమిదికి పెళ్ళి. నా నోటుబుక్కు మా మావగారి కంటపడితే "ఇందులో పాలలెక్క రాయమ్మా, పనికొస్తుంది" అన్నారు. తిట్టలేదు, కొట్టలేదు, నవ్వుతూనే అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు పాలలెక్కే రాశాను. ఇరవై ఏళ్ళకి కలం పట్టాలంటున్నావు కదా తమ్ముడూ, ఇరవై ఏళ్ళకి నా చంకలో ఒకడు, కడుపులో ఒకతె. ఇప్పుడు నాకు 56. నేను ఆలస్యంగా రాలేదు, రానివ్వలేదు.

గుమస్తా గారూ, మీకూ ఒక మాట. మీ పోస్టులో అబ్బాయి ఉన్నాడు, ముసలమ్మ ఉంది, మీ ఆవిడ లేదు. మీరు రాసుకుంటుంటే టీ ఎవరిస్తున్నారు?

ఏడురోడ్ల జంక్షన్
ఓలమ్మో.

సిక్కోలు కుర్రోడు
అత్తయ్య గారూ, నేను ఆడవాళ్ళ గురించి అనలేదు. రాయడం రాకుండానే పుస్తకాలు వేసేస్తున్నవాళ్ళ గురించి అన్నాను.

కోట దగ్గర మాస్టారు
మాట మార్చకు. నీకు వయసులో పెద్దవాళ్ళంటే చులకన. ఇంతకీ నువ్వు రాసిన పుస్తకం పేరేమిటి? చెప్పు, కొనుక్కుని చదివి తరిస్తాను.

సిక్కోలు కుర్రోడు
పుస్తకం లేదు మాస్టారూ.

నేను డీటీపీ చేస్తాను, అంటే పుస్తకాలకి కంప్యూటర్లో అక్షరాలు కూర్చే పని. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, మెట్ల కింద చిన్న గది. పోయినేడాది పదకొండు పుస్తకాలు చేశాను, అందులో తొమ్మిది రిటైరైనవాళ్ళవి. కాగితాలిచ్చి "అక్కడక్కడ చూడు బాబూ" అంటారు. అక్కడక్కడ అంటే ప్రతి వాక్యమూ అని అర్థం. ఒకాయన పుస్తకంలో మూడు కథలకి ముగింపులు నేనే రాశాను. ఆవిష్కరణ సభలో వక్తలంతా "ముగింపులు అద్భుతం" అన్నారు. ఆయనకి శాలువా కప్పుతుంటే నేను వెనకాల కుర్చీలు సర్దుతున్నాను. లోపలి పేజీలో "అక్షరకూర్పు" అని నా పేరుంది, అదీ ఒక అక్షరం తప్పుతో. ఆయన సొంతంగా దిద్దుకున్నది ఆ పేజీ ఒక్కటే.

నాకు 41. పంతొమ్మిదో ఏట మొదలెట్టాను. పద్దెనిమిది కథలు పత్రికల్లో వచ్చాయి. అయిదువందల కాపీలు వెయ్యాలంటే నలభై వేలు కావాలి. నా దగ్గర ఎప్పుడూ లేవు. మీ అందరికీ గ్రాట్యుటీ వచ్చిన నెలలో పుస్తకం వస్తుంది. వయసు గురించి కాదు మాస్టారూ నా బాధ.

ఏడురోడ్ల జంక్షన్
అదన్నమాట సంగతి. మొదల్లోనే సెప్పీసుంటే ఇంత గొడవుండేది కాదు.

చీపురుపల్లి అత్తయ్య
బాధ సరే తమ్ముడూ, ఆ ముగింపులు డబ్బుకి ఇచ్చింది నువ్వే కదా? అది కూడా ఆయన తప్పేనా?

సిక్కోలు కుర్రోడు
ఇచ్చాను. పాప స్కూలు ఫీజు కట్టే నెల అది. తప్పు ఎవరిదని నేను అడగలేదు. ఆ సభలో కూచుని నా వాక్యాలు ఇంకొకళ్ళ పేరు మీద వింటుంటే ఎలా ఉంటుందో మాత్రం మీకు తెలుసనుకున్నాను.

చీపురుపల్లి అత్తయ్య
నా వాక్యాలు నా పేరు మీద కూడా వినలేదయ్యా ఇంతవరకూ. అయినా నువ్వన్నది అర్థమైంది.

కోట దగ్గర మాస్టారు
బాబూ, నీ పరిస్థితి నాకు తెలీదు. పెద్దవాణ్ణి, నోరు జారాను. ఆ పద్దెనిమిది కథల్లో ఒకటి పంపు, చదువుతాను. అయితే 1909 ప్రతి విషయంలో మాత్రం నా మాటే నిలుస్తుంది. ఈసారి విజయనగరం వస్తే మా ఇంటికి రా, రెండూ ఉన్నాయి, దగ్గర కూచోబెట్టి చూపిస్తాను.

రిటైర్డ్ గుమస్తా (ఆమదాలవలస)
నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను, మధ్యలో మాట్లాడే ధైర్యం చాల్లేదు. అత్తయ్య గారడిగింది మా ఆవిడకి చదివి వినిపించాను. "అడగడానికి ఒకరైనా ఉన్నారు" అని లోపలికెళ్ళిపోయింది. ఆ సాయంత్రం టీ నేనే పెట్టాను. తర్వాత ఇద్దరం కూచుని కథలో "సదరు"లు ఏరాం. పదకొండు దొరికాయి. ముప్పై నాలుగేళ్ళు నోట్ ఫైళ్ళు రాసిన చెయ్యి, వదలమంటే ఒక్కసారిగా వదలదు.

మొదటి రెండు పేజీలు తీసేశాను. ఇప్పుడు "పద్నాలుగు రాసుకో బావూ" దగ్గరే మొదలవుతోంది. కళ్ళు తుడుచుకోవడం కూడా తీసేశాను. దాంతో ముగింపు లేకుండా పోయింది. కుర్రోడు గారూ, మీరు మాత్రం ముగింపు చెప్పకండి.

సిక్కోలు కుర్రోడు
చెప్పను. ఒకటే అడుగుతాను. ఆ రోజు జాబితాలో నిజంగా ఎన్ని చెట్లు రాశారు?

రిటైర్డ్ గుమస్తా (ఆమదాలవలస)
పదిహేను. ఆవిడకి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఆవిడ చూడకుండా రాశాను.

సిక్కోలు కుర్రోడు
మరి అది కథలో ఏదీ?